బోగన్‌విల్లానా, గన్నేరా: నీటి ఎద్దడి ఉన్న ఒక సరిహద్దు తోటలో రెండు మొక్కల పరిశీలన

నీటి కొరత ఉన్న తోటలకు మొక్కలు ఎంపిక చేసి ఇచ్చే వృత్తిలో ఉన్నవారికి తరచుగా ఎదురయ్యే కోరిక ఒకటుంది: ఒకసారి నాటితే చాలు, ఆ తరువాత నీళ్లు అడగని పూలమొక్క ఏదైనా చెప్పండి అని. దానికి బదులుగా ఏదో ఒక పేరు చెప్పి పంపడం కష్టమేమీ కాదు. అయితే నీటి ఎద్దడికి ఆగే మొక్కలన్నీ ఒకే తీరుగా ఆగవు. కొన్ని ఆకు రాల్చి, పెరుగుదల మానుకొని, వాన కోసం కాచుకొని ఉంటాయి. మరికొన్ని ఆకును నిలుపుకొని, లోతు నేలలోని తేమను వెతుక్కుంటూ, ఉన్న నీటిని పొదుపుగా వాడుకుంటాయి. తోటలో ఆ మొక్క చేయవలసిన పని ఏమిటో ముందుగా తేల్చుకోకుండా, కరవుకు ఆగుతుందా లేదా అని మాత్రమే అడిగితే సరైన మొక్క దొరకదు. ఒక నివాస సముదాయం సరిహద్దు వెంట బోగన్‌విల్లాను, గన్నేరును ఒకే నేలలో, ఒకే నీటితో పక్కపక్కనే పెంచి చూసినప్పుడు గమనించిన విషయాలను ఇక్కడ వివరిస్తున్నాను.

స్థలం, అడిగిన పని

ఆ సముదాయానికి పడమటి సరిహద్దు మీద రద్దీగా ఉండే రోడ్డు ఉంది. ప్రహరీ గోడ నడుము ఎత్తు వరకే ఉండి, దాని పైన ఇనుప జాలీ బిగించి ఉంది. మధ్యాహ్నం నుంచి పొద్దు గూకే దాకా ఎండ నేరుగా ఆ పట్టీ మీదే పడుతుంది. నేల చూడటానికి ఎర్రమట్టిలా కనిపించినా, గడ్డపారతో జానెడు లోతు తవ్వేసరికి అసలు సంగతి బయటపడింది: భవనాలు కట్టగా మిగిలిన ఇటుక ముక్కలు, సున్నపు పెచ్చులు, సిమెంటు గడ్డలు పోసి చదును చేసి, పైన పలుచగా మట్టి పరిచారు. పరీక్ష చేయిస్తే పీహెచ్ విలువ 8 దాటింది, అంటే నేలలో క్షారగుణం ఎక్కువ. తోటకు వచ్చేది బోరు నీరు. వేసవి ముదిరేకొద్దీ దాని పరిమాణం తగ్గి, ఉప్పదనం పెరుగుతుంది. దక్షిణపు మూల పల్లంగా ఉండటం వల్ల గట్టి వాన కురిస్తే అక్కడ నీరు కొన్ని రోజుల పాటు ఇంకకుండా నిలిచిపోతుంది. ఉత్తరపు చివర జాలీకి అవతల ఖాళీ స్థలం, అందులో మేకలూ పశువులూ మేస్తూ ఉంటాయి. పట్టీ నడిమి భాగానికి లోపలి వైపున పిల్లల ఆటస్థలం ఆనుకొని ఉంది.

నిర్వాహక సంఘం అడిగినవి రెండు. ఏడాది పొడవునా రోడ్డు కనపడకుండా, దుమ్ము లోపలికి రాకుండా తలెత్తున పచ్చని తెర కావాలన్నది మొదటిది. ప్రవేశం దగ్గర నుంచి చూస్తే కంటికి నిండుగా రంగు కనిపించాలన్నది రెండవది. ఈ రెండింటికీ ఒకే మొక్క సరిపోతుందని, అది బోగన్‌విల్లా అయితే బాగుంటుందని వారిలో ఎక్కువమంది అభిప్రాయం; గన్నేరు రోడ్ల మధ్య నాటే మొక్క అని, ఇంటి ముందు అంత శోభించదని కొందరు అన్నారు. నిజానికి రోడ్ల మధ్య దానిని నాటడానికి కారణమైన గుణాలే, అంటే పొగ, దుమ్ము, వేడి, ఉప్పునేల వీటన్నింటినీ ఓర్చుకోవడమే, ఇక్కడా అవసరమైనవి. చర్చ తెగకపోవడంతో, పట్టీని ముక్కలుగా విభజించి, ఒక ముక్కలో బోగన్‌విల్లా, తరువాతి ముక్కలో గన్నేరు చొప్పున మార్చి మార్చి నాటి, రెండు వేసవులు గడిచాక తుది నిర్ణయం తీసుకుందామని ప్రతిపాదించాను. ఆటస్థలం పక్కనున్న భాగాన్ని మాత్రం మొదటి నుంచీ ఈ పరిశీలనకు బయటే ఉంచాము. కారణం తరువాత చెబుతాను.

రకాల ఎంపికలో కొంత ఆలోచన పెట్టవలసి వచ్చింది. బోగన్‌విల్లాలో గ్లాబ్రా జాతికి చెందిన ఊదారంగు రకాన్ని తీసుకున్నాము, ఎందుకంటే స్పెక్టాబిలిస్ జాతితో పోలిస్తే దాని ముళ్లు చిన్నవి, గుబురు ఎక్కువ, ఏడాదిలో పలుమార్లు పూస్తుంది. నర్సరీల్లో బోగన్‌విల్లా రకాల పేర్లు తరచుగా తారుమారవుతాయి. ఈ మొక్క రకాల పేర్లను అంతర్జాతీయంగా నమోదు చేసే బాధ్యత న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ చేతిలో ఉన్నా, సంచి మీద కట్టిన చీటీకి ఆ నమోదుకూ పొంతన ఉంటుందన్న భరోసా లేదు. అందుచేత పేరును కాకుండా, పూతలో ఉన్న మొక్కను చూసి కొనమని సలహా ఇస్తాను. గన్నేరులో ఒంటి రేకుల గులాబీ రంగు రకాన్ని ఎంచుకున్నాము. ముద్ద గన్నేరు అందంగా ఉంటుంది గాని, దాని పూలు వాడిన తరువాత కూడా గోధుమరంగు ముద్దల్లా కొమ్మకే వేలాడుతూ ఉంటాయి. ఒంటి రేకు పూలు శుభ్రంగా రాలిపోతాయి.

స్వభావంలోని తేడా

బోగన్‌విల్లా దక్షిణ అమెరికాకు చెందిన మొక్క. ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ చేసిన భూప్రదక్షిణ యాత్రలో పాల్గొన్న వృక్షశాస్త్రవేత్త ఫిలిబెర్ కొమ్మెర్సోఁ 1767లో రియో డి జనీరో దగ్గర దీనిని సేకరించి, నౌకాధిపతి పేరు పెట్టాడు. వాన కాలమూ పొడి కాలమూ స్పష్టంగా వేరుగా ఉండే ప్రాంతాలకు అలవాటు పడిన ఈ మొక్కకు తేమ ఉన్నప్పుడు తీగ సాగించడం, తేమ తగ్గినప్పుడు పూయడం సహజ క్రమం. మనం పువ్వు అనుకునే రంగు భాగం నిజానికి పుచ్ఛం, అంటే రంగు మారిన ఆకు. ఒక గుత్తిని విడదీసి చూస్తే మూడు పుచ్ఛాలు, ఒక్కొక్క పుచ్ఛం నడిమి ఈనెకు అతుక్కొని సన్నని గొట్టం లాంటి లేత పసుపు తెలుపు పువ్వు కనిపిస్తాయి. అసలు పువ్వు కొద్ది రోజుల్లో వాడిపోయినా పుచ్ఛం వారాల తరబడి రంగు నిలుపుకొంటుంది. కాగితంలా పొడిగా ఉండే ఆ పుచ్ఛాల నుంచి నీరు ఆవిరి కావడం చాలా తక్కువ కాబట్టి, ఎండు కాలంలో ఆకులను వదిలేసి పుచ్ఛాలతో నిండి ఉండటం మొక్కకు భారం కాదు.

గన్నేరు పద్ధతి వేరు. నీరియం ప్రజాతిలో ఉన్న జాతి ఇదొక్కటే. మధ్యధరా తీరం నుంచి ఆసియా దాకా విస్తరించిన దీని సహజ నివాసం ఎడారి మిట్టలు కాదు, ఏడాదిలో ఎక్కువ భాగం పైకి ఎండిపోయి, అడుగున తేమ నిలిచి ఉండే వాగు గట్లు, సెలయేటి పాయలు. అందువల్ల ఇది రెండు విపరీతాలకూ సిద్ధపడి ఉంటుంది: నెలల తరబడి పైనేల ఎండినా లోతు వేరుతో తేమ అందుకుంటుంది, వరద వచ్చి మొదలు మునిగినా కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. ఆకు నిర్మాణం చూస్తే ఈ పొదుపు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ముదురు ఆకును తిప్పి అడుగు వైపును భూతద్దంతో చూస్తే, ఈనెల నడుమ పాలిపోయిన సన్నని చుక్కలు వరుసగా కనిపిస్తాయి. ఆ చుక్కలన్నీ చిన్న గుంటలు. వాటి లోపల సన్నని నూగు నిండి ఉంటుంది, ఆకు నుంచి నీటి ఆవిరి బయటికి పోయే పత్రరంధ్రాలు ఆ నూగు మాటున ఉంటాయి. వేడిగాలి ఆకును ఒరుసుకుంటూ పోయినా గుంట లోపలి గాలి కదలదు, తేమ త్వరగా పోదు. ఆకు పై వైపున మందమైన మైనపు పొర, దాని కింద ఒకటికి మించిన వరుసల బాహ్యచర్మ కణాలు ఉంటాయి. ఎడారి మొక్కల లక్షణాలను విద్యార్థులకు చూపించేటప్పుడు గన్నేరు ఆకు కోతనే ఉదాహరణగా తీసుకోవడం ఇందుకే.

ఈ తేడా నుంచి ఆచరణలో పనికివచ్చే ఒక విషయం తేలుతుంది. గన్నేరు బలం లోతు వేరులో ఉంది కనుక, వేరు దిగే చోటు లేకపోతే ఆ బలం సగానికి తగ్గుతుంది. కుండీలో పెట్టిన గన్నేరు వేసవిలో నీటి కోసం వెంటవెంటనే తల వాలుస్తుంది. అదే కుండీలో వేళ్లు ఇరుకుగా నిండిపోయిన బోగన్‌విల్లా మరింత బాగా పూస్తుంది. కరవును తట్టుకునే మొక్కల పట్టికలో రెండు పేర్లూ ఒకే వరుసలో ఉండటం చూసి, డాబా మీది కుండీలకు గన్నేరును ఎంచుకునేవారికి నిరాశే మిగులుతుంది.

నాటడం, మొదటి సంవత్సరం

గుంతలు రెండు అడుగుల వెడల్పు, అంతే లోతు తీయించాము. ఇటుక, సిమెంటు గడ్డలను ఏరివేసి, బయటి మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపాము. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి: బోగన్‌విల్లా వేళ్లు సన్నగా, పెళుసుగా ఉంటాయి, అవి మట్టిని గట్టిగా పట్టి ఉంచవు. గులాబీ మొక్కను తీసినట్లు సంచిని పట్టి లాగితే మట్టిముద్ద చెదిరి, వేళ్లు తెగి, పైకి ఆరోగ్యంగా కనిపించే మొక్క వారం తిరిగేసరికి వడలిపోతుంది. అందుకే సంచి అడుగును కోసి, మొక్కను గుంతలో నిలబెట్టిన తరువాతే పక్కలను చీల్చి సంచిని పైకి తీయించాము. గన్నేరుకు ఇంత లాలన అవసరం లేదు. దాని కొమ్మ ముక్కను నీళ్ల సీసాలో ఉంచినా వేళ్లు వస్తాయి.

కరవును తట్టుకునే గుణం వేళ్లు నేల పట్టిన మొక్కకే ఉంటుంది, కొత్తగా నాటిన మొక్కకు ఉండదు. మొదటి సంవత్సరం రెండింటికీ డ్రిప్ ద్వారా వారానికి ఒకసారి, మొక్కకు 15 నుంచి 20 లీటర్ల చొప్పున, నెమ్మదిగా లోతుకు ఇంకేలా నీరు ఇచ్చాము. రోజూ కొద్దికొద్దిగా పైపైన తడిపితే వేళ్లు పైపొరలోనే తిరుగుతాయి, తరువాత వేసవిలో మొదట మాడేవి అవే. పాదుల్లో ఎండుటాకులు, కొమ్మల తుక్కు మూడు నాలుగు అంగుళాల మందాన పరిచి, మొదలుకు తగలకుండా కాస్త ఎడం ఉంచాము.

వానలు పడిన తరువాత రెండింటి పోకడ విడిపోయింది. బోగన్‌విల్లా చేతి పొడవున, ఆపైన మనిషి పొడవున కొత్త తీగలను చిమ్మింది. పచ్చదనం అద్భుతంగా ఉన్నా పూత నామమాత్రం. తోటమాలి ఎరువు చాలలేదేమో అని యూరియా వేయబోతే ఆపించాను, ఎందుకంటే నీరూ నత్రజనీ సమృద్ధిగా అందినంత కాలం ఈ మొక్క తీగ సాగించడానికే ఇష్టపడుతుంది, పూత మీదికి రాదు. గన్నేరు తొందర లేకుండా, మొదలు నుంచి అనేక కొమ్మలు వేస్తూ గుబురుగా లేచి, ఆ సంవత్సరం చివరికి నడుము ఎత్తు అందుకొని, కొమ్మల చివర్లలో గుత్తులు వేసింది.

నీరు తగ్గించినప్పుడు

అసలు పరీక్ష రెండవ వేసవిలో జరిగింది. నీటి తడులను మొదట పదిహేను రోజులకు ఒకటిగా, బోరు బాగా తగ్గిన తరువాత నెలకు ఒకటిగా మార్చాము. బోగన్‌విల్లా ఆకులు ముందు మెత్తబడి వేలాడాయి, తరువాత పసుపుబారి రాలడం మొదలైంది. చూసినవారు మొక్కలు చచ్చిపోతున్నాయని కంగారుపడి పైపుతో నీళ్లు పెట్టబోయారు. ఆ దశలో ఆగడం ముఖ్యం. కొద్ది రోజులు గడిచాక, ఆకు పోయిన కొమ్మల నిండా మొగ్గ పుచ్ఛాలు కనిపించి, క్రమంగా ఆ ముక్కలన్నీ జాలీ కనపడనంతగా ఊదారంగుతో నిండిపోయాయి. తగినంత ఎండ లేని చోట ఇదే చికిత్స పనిచేయదు; ఒక భవనం నీడ పడే చివరి మొక్కలు ఆకులు రాల్చాయి గాని, పూత మాత్రం అక్కడక్కడే వేశాయి. రోజుకు కనీసం ఐదారు గంటల నేరెండ లేకుండా నీరు తగ్గించడం వల్ల దక్కేది ఎండు కొమ్మలే.

అదే కాలంలో గన్నేరు ముక్కల్లో పెద్ద మార్పు కనిపించలేదు. మొదలు దగ్గరి ముసలి ఆకులు కొన్ని పసుపుబారి రాలాయి, కొత్త గుత్తుల్లో కొన్ని మొగ్గలు విప్పారకుండానే ఎండిపోయాయి, పూత తగ్గింది. కాని తెర మాత్రం చెక్కుచెదరలేదు. నెలకు ఒక తడి మీద కూడా ఆకు ముదురు పచ్చగా నిలిచింది. నీటి ఎద్దడిలో బోగన్‌విల్లా పూత పెరుగుతుంది, తెర పలచబడుతుంది; గన్నేరు పూత తగ్గుతుంది, తెర నిలుస్తుంది. ఈ పరిశీలన మొత్తంలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచిన విషయం ఇదే. సంఘంలోని భిన్నాభిప్రాయాలు కూడా దీని వెంటే సర్దుకున్నాయి: పై అంతస్తుల్లో ఉండేవారు బోగన్‌విల్లాను మెచ్చుకుంటుంటే, రోడ్డుకు దగ్గరగా కింది అంతస్తులో ఉండేవారు, పూలు బాగానే ఉన్నాయి గాని కిటికీ తెరిస్తే బస్సులో వాళ్లు కనిపిస్తున్నారని ఫిర్యాదు చేశారు.

గన్నేరుకు పూత కూడా కావాలనుకుంటే మొగ్గ తొడిగే కాలంలో పది పన్నెండు రోజులకు ఒక లోతు తడి ఇవ్వాలి. అంటే నీటి విషయంలో రెండింటి అవసరాలూ ఒకదానికొకటి ఎదురు. ఒకే డ్రిప్ గొట్టం మీద రెండూ ఉంటే, ఒకదాన్ని మెప్పించే తడి మరొకదాన్ని చెడగొడుతుంది. రెండవ వేసవి సగంలోనే గొట్టాలను వేరు చేసి, వేర్వేరు వాల్వులు పెట్టించాము.

నేల, నిలువనీరు

మట్టిలో సున్నం ఎక్కువ కావడం వల్ల వచ్చిన చిక్కు బోగన్‌విల్లాలో త్వరగా బయటపడింది. లేత ఆకులు ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారాయి. దీన్ని నీటి ఎద్దడి పసుపుతో కలిపి చూడకూడదు: ఎద్దడిలో ముందు పండేవి ముదురాకులు, ఇనుము అందనప్పుడు పాలిపోయేవి చిగుళ్లు. సున్నపు నేలలో ఇనుము ఉన్నా అది వేరుకు అందని రూపంలో ఉంటుంది కాబట్టి అన్నభేది (ఇనుప సల్ఫేటు) చల్లడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు; పీహెచ్ ఎక్కువగా ఉన్న నేలలో కూడా విడిపోకుండా నిలిచే ఈడీడీహెచ్ఏ రకం చీలేటెడ్ ఇనుమును, అంటే వేరుకు అందే రూపంలో పట్టి ఉంచిన ఇనుమును, పాదులో పోయించి, కంపోస్టు పెంచిన తరువాత కొత్త చిగుళ్లు పచ్చబడ్డాయి. గన్నేరు అదే మట్టిలో ఈ ఇబ్బంది దాదాపు చూపలేదు, వేసవి చివరి ఉప్పునీటికి కూడా ఆకు అంచులు స్వల్పంగా మాడటంతో సరిపెట్టుకుంది.

దక్షిణపు పల్లంలో ఫలితం ఇంకా నిక్కచ్చిగా వచ్చింది. గట్టి వానల తరువాత నీరు నిలిచిన ఆ మూలలో బోగన్‌విల్లా మొక్కలు పూర్తిగా దెబ్బతిన్నాయి. వేళ్లు కుళ్లడం వల్ల వడలిన మొక్క, నీరు లేక వడలిన మొక్కలాగే కనిపిస్తుంది; పాదులో వేలు పెట్టి చూడకుండా మళ్లీ నీరు పోస్తే దాన్ని మనమే చంపినట్లు. తవ్వి చూస్తే వేళ్లు నల్లబడి, పట్టుకుంటే పై తోలు ఊడివచ్చింది. వాగు గట్టున పుట్టిన గన్నేరు అదే నీటిలో నిలబడి చిగురు వేసింది. పల్లంలో ఏది నాటాలన్న ప్రశ్న అక్కడితో ముగిసింది.

కత్తిరింపు, పురుగులు

నీటి ఖర్చును లెక్కవేసేవారు మనిషి శ్రమను లెక్కవేయరు. ఈ తోటలో ఎక్కువ శ్రమ బోగన్‌విల్లాకే పట్టింది. ముళ్లు కొమ్మలే రూపు మారినవి కాబట్టి గట్టిగా, లోతుగా దిగుతాయి; నడకదారి మీదికి వంగిన తీగను కొద్ది వారాలు వదిలేస్తే పిల్లల సైకిలు టైర్లకు, చీర అంచులకు తగులుకుంటుంది. తోలు చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా కత్తెర పట్టనివ్వలేదు. రెండు మొక్కలూ కొత్త చిగుళ్ల చివరే పూస్తాయి గనుక, పూత ముగిసిన వెంటనే కత్తిరించడం మేలు. మొగ్గకు వచ్చే ముందు కత్తిరిస్తే ఆ విడత పూత పోయినట్లే. రాలిన పుచ్ఛాల సంగతీ ఇక్కడే చెప్పాలి. అవి కుళ్లవు, అణగవు, చిన్న గాలికే ఎగిరి మూలమూలనా, కాలువ జల్లెడల మీదా పేరుకుంటాయి. పూతకాలం మెచ్చుకునేవారిలో పొద్దున్నే చీపురు పట్టే మనిషి ఉండడు.

గన్నేరుకు ఏడాదికి ఒక పెద్ద కత్తిరింపు, మధ్యలో చిన్న సవరింపు సరిపోయాయి. దాని ఆకులు కణుపుకు మూడేసి వస్తాయి. కణుపుకు కాస్త పైన కోస్తే అక్కడి నుంచి మామూలుగా మూడు కొమ్మలు లేస్తాయి. ఈ లెక్క తెలిసిన తోటమాలి కొమ్మలను వేర్వేరు ఎత్తుల్లో కోసి, తెరను మొదటి నుంచి పైదాకా ఒకే చిక్కదనంతో నింపగలడు. అన్నింటినీ ఒకే ఎత్తులో గోడలా కోస్తే పైన గుబురు, కింద బోడి కాళ్లు మిగులుతాయి.

పురుగుల విషయం క్లుప్తంగా చెబుతాను. గన్నేరు లేత చిగుళ్లకు పసుపుపచ్చని పేనుబంక పట్టింది; అక్షింతల పురుగులు వచ్చేదాకా ఓపిక పట్టి, గట్టి నీటి ధారతో కడిగించడం సరిపోయింది. కొన్ని ఆకుల కింద అద్దంలా మెరిసే వెండిరంగు సీతాకోకచిలుక గూళ్లు వేలాడుతూ కనిపించాయి, వాటిని తీయనివ్వలేదు. బోగన్‌విల్లాకు ఆకు అంచులు కొరికే గొంగళి పురుగులు, నీడ చోట కొద్దిగా పిండినల్లి తప్ప చెప్పుకోదగ్గ బెడద రాలేదు.

విషం

గన్నేరును సూచించే వ్యక్తి దాని విషం గురించి కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. ఆకు, పువ్వు, కొమ్మ, బెరడు, వేరు, గింజ అన్నింటిలోనూ ఓలియాండ్రిన్ వంటి గ్లైకోసైడ్లు అనే విషపదార్థాలు ఉంటాయి. ఇవి గుండె కండర కణాలలో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ పంపే వ్యవస్థను అడ్డుకొని, గుండె లయను చెడగొడతాయి. గుండె జబ్బుకు వాడే డిజాక్సిన్ మందు పనిచేసే చోటు కూడా అదే, కాకపోతే ఇక్కడ మోతాదు మన చేతిలో ఉండదు. పచ్చి ఆకు చేదుగా ఉండటం వల్ల పశువులు సాధారణంగా మూతి తిప్పుకుంటాయి. ప్రమాదం ఎక్కువగా జరిగేది కత్తిరించి పడేసిన కొమ్మల వల్ల, ఎందుకంటే ఎండిన ఆకులో విషం పోదు, కసవులో కలిసిపోతే పశువు దాన్ని వేరు చేసుకోలేదు. కొమ్మలను కాల్చితే వచ్చే పొగ కూడా హానికరమే. పచ్చగన్నేరు వేరే మొక్క, అదీ ఇంతే ప్రమాదకరం. దీనికి బదులుగా దాన్ని నాటితే భద్రత పెరగదు.

ఆటస్థలం పక్కనున్న భాగాన్ని పరిశీలనకు బయట ఉంచడానికి కారణం ఇది. ఆకులు, పూలు తుంచి వంటాట ఆడుకునే వయసు పిల్లలున్న చోట గన్నేరు ఉండకూడదు. పరుగెత్తి పడే చోట బోగన్‌విల్లా ముళ్లూ ఉండకూడదు. అక్కడ వట్టివేరు గడ్డిని రెండు వరుసలుగా నాటించాము. అది పూయదని కొందరు పెదవి విరిచారు గాని, ఎండకూ నిలువనీటికీ ఆగుతుంది, ఎవరికీ హాని చేయదు.

తుది అమరిక

ఉత్తరపు చివర జాలీకి అవతల మేకలు మెడ చాచే చోటు మొత్తం బోగన్‌విల్లాకు కేటాయించాము; మేక నోటికి అందే దూరంలో గన్నేరు ఒక్క కొమ్మ కూడా లేకుండా పరిశీలన ముక్కలను తొలగించాము. ప్రవేశానికి రెండు వైపులా, ఎండ నిండుగా పడే ఎత్తైన చోట కూడా బోగన్‌విల్లానే ఉంచి, నీటి వాల్వును విడిగా పెట్టి, వేసవిలో దాన్ని తెరిచే ముందు ఆకు రాలుతోందా, మొగ్గ వస్తోందా చూడమని తోటమాలికి చెప్పాము. కింది అంతస్తు ఇళ్ల ఎదురుగా, పల్లపు మూలలో గన్నేరు, మొక్కకూ మొక్కకూ ఐదారు అడుగుల ఎడంతో కొనసాగింది. దాని కత్తిరింపు చెత్తను అదే రోజు మూటకట్టి పంపాలని, కాల్చకూడదని, బయటి ఖాళీ స్థలంలో వేయకూడదని సంఘం రాతపూర్వకంగా నియమం పెట్టుకుంది.

రెండింటినీ కలిపి ఒకే గుంతలో నాటితే తెరా రంగూ రెండూ వస్తాయి కదా అని చివరి సమావేశంలో ఒకరు అడిగారు. ఆలోచన ఆకర్షణీయమే. కాని బోగన్‌విల్లా ముళ్లను పట్టుకొమ్మలుగా చేసుకొని గన్నేరు మీదికి ఎక్కి, రెండు మూడు వానకాలాల్లో దాన్ని కప్పేస్తుంది. ఆపైన ఆ చిక్కును కత్తిరించే మనిషి ఒకే చేత్తో ముల్లునూ విషపు రసాన్నీ ఎదుర్కోవలసి వస్తుంది, గుచ్చుకున్న చోట ఆ రసం తగులుతుంది. అందుకు బదులుగా గన్నేరు ముక్కల్లో మొగ్గ కాలపు తడులను పెంచడానికి, స్నానాల గదుల నుంచి వచ్చే నీటిని ఒక ఇసుక వడపోత గుండా ఆ వాల్వుకు మళ్లించాము. ఉప్పుకూ సబ్బుకూ బాగా ఓర్చుకునే మొక్క గన్నేరే కాబట్టి ఆ గొట్టాన్ని బోగన్‌విల్లా వైపు కలపలేదు.